కొత్త లైబ్రరీ కింది నేల

12 జూన్ 1997

వాన మొదలైంది. గోదాం నేలకు మళ్ల చెమట పట్టింది.

బయట ఇందూరు యూనివర్సిటీ లైబ్రరీ అని బోర్డున్నది గాని ఇది పాత చక్కెర గోదామే. ఎన్నేండ్లు బస్తాలు పేర్చిండ్రో ఏమో, తీపంత గచ్చులకు దిగింది. వానలు పడంగనే నేల తడి గుంజుకుంటది. కాలు పెడితే జిగటగ అంటుకుంటది. వెంబడే చీమలు. ఇయ్యాల పాలిటిక్స్ రాక్ కింది అరకు ఎక్కినయి. అటెండరు ముత్యం, నేను కిరోసిన్ గుడ్డలు పట్టుకోని మధ్యాహ్నం దాక తుడిసినం.

"మేడం, మనిద్దరం రిటైరైతం గని గీ చీమలు గావు" అన్నడు ముత్యం. ఆయనకు మోకాళ్లు, నాకు నడుము.

ఇంక రాయ చాతనైతలేదు.

16 జూన్

తుకారాం సారు వచ్చిండు. హిస్టరీ చెప్తడు. మంజీర అవతలి మనిషి, తెలుగు మాట్లాడుతుంటె నడుమ మరాఠీ జారుతది. కొత్త లైబ్రరీ బిల్డింగు మంజూరైందని చెప్పిండు. నేను నమ్మలె. ఇసొంటివి చాన విన్న.

"ఈసారి ఖరం ఆహే, నిజమే, రూతమ్మ గారూ. ఓపెనింగుకు సావనీరు పుస్తకం వేస్తరట. లైబ్రరీ, క్యాంపస్ బిల్డింగుల చరిత్ర మీరే రాయాలె. మొదటి దినం నుంచి ఉన్నది మీరొక్కరే కద."

"చరిత్ర అంటె ఏమున్నది సారూ. కిరాయి ఇండ్లు మారుడే కద."

"అదే రాయండి" అన్నడు నవ్వుకుంట.

20 జూన్

కరెంటు లేదు. పిల్లలెవరు రాలె. చరిత్ర రాద్దామని కూసున్న.

మొదలు నిజామాబాద్ గంజు మార్కెట్ల పసుపు కొట్టు మీద రెండు గదులు. అప్పుడు యూనివర్సిటీ లేదు, ఉత్త పీజీ సెంటరు. కింద పసుపు తూకం వేసేటోళ్లు, పైన మేము పుస్తకాలకు నంబర్లు వేసేటోళ్లం. కొమ్ములు దులిపినప్పుడల్ల పచ్చటి దుమ్ము కిటికీలకెళ్లి పైకొచ్చేది. తెల్ల చీర కట్టుకుంటె పొద్దుగూకేవరకు పెండ్లిపిల్ల చీర అయ్యేది. ఆ కాలపు పుస్తకాలు ఇప్పుడు తెరిచినా అంచులు పచ్చగనే ఉంటయి.

తర్వాత బోధన్ రోడ్డు మీద ఈ గోదాం. తాత్కాలికం అన్నరు. నేను అప్పుడు జుట్టుకు రంగు వేసుకోకపోతుంటి.

ఆఫీసోళ్లకు క్వార్టర్లు వచ్చినయి, సైన్స్ వాళ్లకు రేకుల షెడ్లు వచ్చినయి, వీసీ సారుకు బంగ్లా వచ్చింది. లైబ్రరీకి మాత్రం వచ్చే ఏడు, వచ్చే ఏడు. పిల్లలు గొనె సంచి పరుచుకోని గోడకు ఆనుకోని చదువుతరు. బల్లలు వేద్దామంటె జాగ లేదు.

ఇదంత సావనీరుల రాయస్తదా? రాయరాదు. "ఎన్నో ఒడిదుడుకులను ఎదుర్కొంటూ" అని రాస్త.

3 జులై

నిజమే. మంజూరైంది.

ఇంజనీరు రాజలింగు సారు ప్లాను పట్టుకోని గోదాంకే వచ్చిండు. ఇన్నేండ్ల సర్వీసుల నన్ను ఏదన్న అడిగిన మొదటి ఇంజనీరు ఈయనే. బల్ల మీద కాయితం పరిచి, "మేడం, కిటికీలు ఎటు కావాలె మీకు?" అన్నడు.

మాటలన్ని ఒక్కసారే వచ్చినయి. చదువుకునే హాలుకు తూర్పు దిక్కు కిటికీలు కావాలె, పొద్దటి ఎండ రావాలె, పడమటి ఎండ పుస్తకాలకు పడద్దు, ఆడపిల్లలకు వేరే బాత్రూం, నేల ఎత్తు మీద ఉండాలె. ఆయన పెన్సిలుతోటి రాసుకుంటనే ఉన్నడు. ముత్యం చాయ తెచ్చిండు. చాయ సల్లారిపోయింది, మేము చూడలె.

కట్టేది రుద్రూర్ రోడ్డు మీద యూనివర్సిటీకి ఇచ్చిన సర్కారు భూమిల, చెరుకు చేన్లు దాటినంక, ఎత్తు మీద.

4 జులై

హాలు ఎక్కడ పడ్తదో ప్లానుల చూసిన. మిషన్‌పేట పక్కన.

మిషన్‌పేట నేను పుట్టిన పేట. హాలు పడేది మా వాళ్ల సమాధులున్న బొందలగడ్డ మీద.

సర్వే చేసిన వాళ్లకు తెల్వకుంట ఉంటదా. వాళ్లే చూసుకుంటరు.

9 జులై

ఇయ్యాల మా ఆయన వీక్లీ ఆఫ్. ఇంట్లనే ఉన్నడు. దేవదాస్ బస్సు నడిపితె తప్ప మాట్లాడడు, నడిపేటప్పుడు కూడ కండక్టర్లతోటి, గేదెలతోటి మాట్లాడుతడు గని నాతోటి కాదు. అన్నం తిని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. బోధన్ డిపోల ఇన్నేండ్లు చేసిన మనిషి, ఎండకు వానకు అలసిపోయిండు. నేను అలసిపోయిన. ఇద్దరు అలసిపోయినోళ్లు ఒక ఇంట్ల ఉంటె లొల్లి ఉండది.

కొత్త బిల్డింగు సంగతి చెప్పిన. "ఏడ?" అన్నడు.

"రుద్రూర్ రోడ్డు మీద."

ఇంకేం అడగలె. ఆయనకు యాదే ఉండది. మొగోళ్లు మరిచిపోతరు.

22 జులై

అవ్వ గోదాంకు వచ్చింది. మిషన్‌పేట నుంచి ఒక్కతే, బస్సుల. నన్ను కన్న మా అవ్వ యేసమ్మకు ఇప్పుడు ఎంత వయసో ఆమెకే తెల్వది. గోదాం లోపలికి రాలె, మెట్ల మీదనే కూసున్నది.

"బిడ్డా, మన బొందలగడ్డల ముగ్గు పోసిండ్రు. కట్టెలు పాతి దారాలు కట్టిండ్రు. మీ బాపు మీది నుంచే పోయింది దారం. ఎవలియి గవి?"

"మా యూనివర్సిటీవి, అవ్వా."

"నీకు ఎర్కేనా?"

"లైబ్రరీ కడుతున్నరు" అన్న.

అవ్వ చాన సేపు గోదాం లోపలికి చూసింది. గొనె సంచుల మీద కూసోని చదువుకునే పిల్లలను చూసింది. "గీ పోరగాండ్ల కోసమా?" అన్నది.

"ఊఁ."

"మరి గడ్డ మీదనే కట్టాల్నా? గింత జాగ ఉన్నది దేవుడిచ్చింది."

బస్సు ఎక్కిచ్చి వచ్చిన. కొంగుల కట్టుకొచ్చిన మక్క కంకులు నా బల్ల మీద పెట్టిపోయింది.

23 జులై

తల నొప్పి. ఏం రాయను.

28 జులై

రిజిస్ట్రార్ సారు పిలిపించిండు. తప్పు మనిషేం కాడు. కుర్చీ ఇచ్చి కూసోమన్నడు.

"రూతమ్మ గారూ, మిషన్‌పేట వాళ్లు ముగ్గు చెరిపేసి కట్టెలు పీకేశారట. రికార్డుల్లో అది ఖాళీ భూమే. సమాధులున్నాయని మాకెవరూ చెప్పలేదు."

నేను కిటికీ బయటికి చూసిన.

"కాలువ పక్కన వాళ్లకు వేరే స్థలం ఇప్పిస్తాం. చుట్టూ గోడ కట్టిస్తాం. పట్టా చేయిస్తాం. ఇప్పుడున్న దానికి అదీ లేదు కదా. మర్యాదగా తీసి అక్కడ పెట్టుకోవచ్చు. కానీ గొడవైతే, పని వచ్చే ఎండాకాలం లోపల పైకి లేవకపోతే, గ్రాంటు వెనక్కి పోతుంది. మళ్లీ సర్వే, మళ్లీ అనుమతులు. మీ సర్వీసులో ఇంక లైబ్రరీ రాదు. అది మాత్రం నేను నిజం చెప్తున్నా."

నిజమే చెప్పిండు. అదే కష్టం.

"మీ వాళ్లకు మీరు చెప్తే వింటారు" అన్నడు.

బయటికొచ్చినంక ముత్యం "ఏమన్నడు మేడం?" అన్నడు. "చీమల మందు ఇప్పిస్త అన్నడు" అన్న.

30 జులై

పేట పెద్దమనిషి ముత్తన్న వచ్చిండు. నాకు వరుసకు తమ్ముడైతడు. "అక్కా, నువ్వు ఆఫీసుల ఉన్నవు. మన గడ్డ మనకే ఉండేటట్టు నువ్వే మాట్లాడాలె" అన్నడు.

వాళ్లు నన్ను వాళ్ల మనిషి అంటరు. వీళ్లు నన్ను వీళ్ల మనిషి అంటరు. నేను ఎవరి మనిషినో నన్నెవరు అడుగరు.

చూస్త అన్న.

3 ఆగస్టు, ఆదివారం

గుడి అయిపోయినంక మాట్లాడిన.

పాస్టరు దేవయ్య గారు ముందే చెప్పి పెట్టిండు, ఎవరు లేవలె. చాపల మీద అందరు కూసున్నరు. నాకు బెంచీ వేసిండ్రు. చిన్నప్పుడు ఇదే గుడిల కింద కూసోని వచనాలు అప్పజెప్పిన. ఇయ్యాల బెంచీ మీద.

గ్రాంటు పోయే సంగతి చెప్పిన. కాలువ పక్క జాగ సంగతి, గోడ సంగతి, పట్టా సంగతి చెప్పిన. రేపు ఇదే పేట పిల్లలు నడిచి పోయి అక్కడ చదువుకుంటరు అని చెప్పిన. బాగనే చెప్పిన. నాకే ఆశ్చర్యమైంది ఎంత బాగ చెప్పిననో.

ముత్తన్న లేచి నిలబడ్డడు. "మా నాయనను కదిలియ్యనని అనుకుంటి. గని రూతక్క చెప్తున్నదంటె ఇంక ఏమున్నది. ఆమె బాపు సుత గాడనే ఉన్నడు. ఆమెకు లేని బాధ మాకేంది?"

కొందరు ఆడోళ్లు ఏడ్చిండ్రు. ఎవరు కాదనలె. పాస్టరు ప్రార్థన చేసిండు.

తిరిగి వస్తుంటె అవ్వ నా ఎంబడి రోడ్డు దాక వచ్చింది. నా చెయ్యి పట్టుకోలె. చెరుకు చేను గట్టు మీద నిలబడి అన్నది:

"అందరియి తీస్తరు బిడ్డా. మీ బాపు బొక్కలు దొరుకుతయి. సిన్నదానియి ఏం దొరుకుతయి? పాలు తాగే పిల్లకు బొక్కలేడ ఉంటయి? మన్నుల మన్నైపోయుంటది."

బస్సు వచ్చింది. ఎక్కిన.

4 ఆగస్టు

రాయకుంటె మంచిగుండు. రాస్త.

పెండ్లైన రెండో ఏడు. నెల నిండని పిల్ల. జరమొచ్చింది, బోధన్ దవాఖాన దాక పోనియ్యలె. బాప్తిస్మం కాలె, పేరు పెట్టలె. బాలింతను గడ్డకు పోనియ్యరు. అవ్వ, బాపు, ఆయన తీస్కపోయిండ్రు. నేను అవ్వ ఇంట్ల మంచం మీద ఉన్న. పాలు గారి రవికె తడుస్తుంటె గోడ దిక్కు తిరిగి పండుకున్న. తర్వాత నాకు ఇంక పిల్లలు కాలె.

ఎక్కడ పెట్టిండ్రో నేను ఎప్పుడు పోయి చూడలె. ఈస్టర్ పొద్దుగాల అందరు బొందలకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడ్తరు. నేను బాపు దగ్గర పెట్టి వచ్చేస్త.

ఇరువై ఏండ్లు దాటింది. దొరకకపోతె ఏమైతది. ఏం కాదు.

5 ఆగస్టు

ఏం కాదు.

18 ఆగస్టు

తుకారాం సారుకు సావనీరు వ్యాసం ఇచ్చిన. కొత్త భవనం గురించి "విశాలమైన ఖాళీ ప్రభుత్వ భూమిలో" అని రాసిన. మంచి వాక్యం. నేనే రాసిన.

2 అక్టోబర్

సెలవు. ఆయన డ్యూటీకి పోయిండు. పోయేముందు గడపల నిలబడి, "తీసుడు ఎప్పుడు?" అన్నడు.

నాకు ముందు అర్థం కాలె. ఈయనకెవరు చెప్పిండ్రు?

"వానలు ఆగినంక" అన్న.

తల ఊపి పోయిండు.

11 నవంబర్

ఇయ్యాల తీసిండ్రు. ఉన్నదున్నట్టు రాస్త. లేకుంటె రేపు వేరే తీర్గ యాదికి వస్తది.

పొద్దు పొడవంగనే పేట అంత వచ్చింది. కాలువ పక్క కొత్త జాగల కొత్త బొందలు ముందే తవ్వి పెట్టిండ్రు. చిన్న చిన్న కట్టె పెట్టెలు, తెల్ల బట్టలు. పాస్టరు దేవయ్య గారు వాక్యం చదివిండు. మొదలు ముత్తన్న నాయనను తీసిండ్రు. ముత్తన్న తానే దిగి, ఒక్కొక్క బొక్కను చేతులతోటి తుడిచి బట్టల పెట్టిండు. అంత పెద్ద మనిషి, చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు చేసిండు. తట్టల చప్పుడొకటే.

మా బాపు ఏసయ్య కూడ దొరికిండు. చెరుకు కాంటా కాడ వాచ్‌మన్ ఉండె. నడుము బెల్టు ఇత్తడి బిళ్ల పచ్చగ చిలుము పట్టి ఉన్నది. అవ్వ దాన్ని చూసి "గిది తీసేసి పెట్టుమంటె ఇనకపోతిరి" అని అందరిని తిట్టింది, తిట్టుకుంటనే కొంగుతోటి తుడిచి పెట్టెల వేసింది. నాకు ఏడుపు రాలె. సూపర్‌వైజరు లెక్క నిలబడ్డ. ఇటు జరుగుండ్రి, అటు పెట్టుండ్రి అని చెప్పుకుంట.

అన్ని అయిపోయినంక ముత్తన్న గడ్డపార పట్టుకోని నా దగ్గరికి వచ్చిండు. "అక్కా, ఇంక సిన్నది..."

అవ్వ లేచి పోయి సీతాఫలం చెట్టు కాడ నిలబడ్డది. "గీడ" అన్నది. మూడు రాళ్లు ఉన్నయి. రాళ్లకు సున్నం ఉన్నది. తెల్లగ, ఈ ఏటి సున్నమే.

"ఎవరు వేసిండ్రు అవ్వా, సున్నం?"

అవ్వ నన్ను చూసింది. "నీకు తెల్వదా బిడ్డా? ఈస్టరుకు నువ్వు పోయినంక ఆయన వస్తడు. ఈస్టరే కాదు, రుద్రూర్ బస్సు నడిపిన దినమల్ల గీడ ఆపుతడు. టైరు సూస్తున్నట్టు దిగుతడు. గీ దిక్కు జరసేపు నిలబడి ఎక్కిపోతడు. బస్సుల జనం బీడి తాగనికి దిగిండనుకుంటరు."

ముత్తన్న గడ్డపార ఎత్తలె, దించలె.

అప్పుడు రోడ్డు మీద బస్సు ఆగింది. ఆయనే. ఖాకీ బట్టల మీద దిగి, ముళ్ల కంపల పడి నేరుగ నడిచి వచ్చిండు. ఎవరిని చూడలె. మూడు రాళ్ల పక్కన నేల మీద కూసున్నడు. టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నడు.

"బావా, లే. పొద్దుగూకుతది" అన్నడు ముత్తన్న.

"మీ పని మీరు చేసుకోండ్రి."

"గిదే పని కద బావా."

"గిది కాదు" అన్నడు ఆయన.

బస్సుల హారన్ కొట్టిండ్రు. కండక్టరు వచ్చి చూసి వాపస్ పోయిండు. జనం ఒక్కొక్కరే దిగి రోడ్డు మీద నిలబడ్డరు. నెత్తి మీద గంపలున్న ఆడోళ్లు గంపలు దించుకున్నరు. ఇంజనీరు రాజలింగు సారు సైటు షెడ్డుల నుంచి వచ్చి, "ఎవరాయన మేడం?" అన్నడు.

"మా ఆయన" అన్న.

అందరు నా దిక్కే చూస్తున్నరు. ముత్తన్న చూస్తున్నడు, తండ్రిని తన చేతుల మీద మోసి పెట్టి వచ్చిన మనిషి. నా మాట మీదనే కద తీసిండు. ఇప్పుడు నేను ఆయనను లేపాలె. లేపకపోతె రేపటి నుంచి పేటకు ఏ ముఖం పెట్టుకోని పోవాలె?

దగ్గరికి పోయిన. "ఇగో, లే" అందామనే పోయిన. పక్కన కూసున్న.

అప్పుడు ఏడ్చిన. ఇరువై ఏండ్లది ఏడ్చిన. ఆయన నా దిక్కు చూడలె గని భుజం నాకు ఆనేటట్టు జరిగిండు.

ముత్తన్న తిడతడనుకున్న. గడ్డపార పక్కన పడేసిండు. "ఉండనియ్యి అక్కా" అన్నడు. "ఒక్కదాన్ని ఉండనియ్యి. దొరికేదేమన్న ఉంటె తీస్తుంటిమి. లేనిదాన్ని ఏం తీస్తం." ఆడోళ్లు కూడ "ఉండనియ్యిండ్రి, ఉండనియ్యిండ్రి" అన్నరు.

రాజలింగు సారు ప్లాను తీసి చూసుకున్నడు. దారాల ఎంబడి రెండు మూడు సార్లు అటిటు నడిచిండు. వచ్చి మా ముందు కింద కూసున్నడు.

"మేడం, గోడ పునాది గీడికి రాదు. పిల్లరొకటి దగ్గరికి వస్తది, దాన్ని జరుపుత. గీ జాగ హాలు నడుమ పడ్తది. తవ్వే అవసరం లేదు, పైన మొరం పోసి గచ్చు వేసుడే. మీకిద్దరికి సమ్మతమైతె."

నేను ఆయన దిక్కు చూసిన. ఆయన సారును అడిగిండు.

"గా హాలుల ఏం చేస్తరు?"

"సదువుకుంటరు. కిటికీల కాడ కూసోని" అన్నడు రాజలింగు సారు.

"దినాం తెరిసి ఉంటదా?"

"ఉంటది" అన్న నేను.

"ఎవలైన రావచ్చునా? నాసొంటోళ్లు?"

"రావచ్చు."

ఆయన లేచిండు. ప్యాంటు దులుపుకోని, టోపీ పెట్టుకోని బస్సు దిక్కు నడిచిండు. దిగిన జనమంత ఎక్కిండ్రు.

12 నవంబర్

పొద్దుగాల చాయ తాగుకుంట, "ఒక్కనాడు చెప్పకపోతివి" అన్న.

"నువ్వు అడుగకపోతివి" అన్నడు.

అంతే. ఇద్దరం చాయ తాగినం. ఇన్నేండ్లు ఒక ఇంట్ల ఉన్నం.

3 మార్చి 1998

గోడలు నడుము ఎత్తు లేచినయి. మధ్యాహ్నం పోయి చూసి వచ్చిన. మొరం పోస్తున్నరు. నేను చూసేటప్పుడు మేస్త్రీ ఆ జాగల దిమ్మిస కొట్టించలె, కాళ్లతోటి తొక్కిచ్చిండు. రాజలింగు సారు చెప్పిండో, ముత్తన్న చెప్పిండో. నేను అడుగలె.

వేరే బొందల జాగల మీద కూడ మొరమే పోస్తున్నరు. అవి వట్టివి. వట్టివని నాకు నేను చెప్పుకుంటున్న. ముత్తన్న ఎదురుపడితె ఇంక నేనే తల దించుకుంట.

9 నవంబర్ 1998

తుకారాం సారు సావనీరు ప్రూఫులు తెచ్చిండు. "ఖాళీ ప్రభుత్వ భూమిలో" అనే మాట కొట్టేసి కింద రాసిన: ఈ స్థలంలో మిషన్‌పేట వారి సమాధులు ఉండేవి. వారు ఈ స్థలాన్ని ఇచ్చారు.

సారు అద్దాలు సర్దుకోని చదివిండు. "సంతోషంగా ఇచ్చారు అని వేద్దామా? బాగుంటది."

"వద్దు సారూ. ఇచ్చిండ్రు, అంతే."

"ఠీక్ ఆహే, ఉండనీ" అన్నడు. రిజిస్ట్రార్ సారు దాకా పోతె ఉంటదో పోతదో.

20 జనవరి 1999

ఓపెనింగ్ అయింది. కార్లు, పూలదండలు, మైకు. సావనీరుల ఆ రెండు ముక్కలు ఉన్నయి. చిన్న అక్షరాలతోటి, నా వ్యాసం ఆఖర్ల. ఎవరు చదువుతరు.

మిషన్‌పేట వాళ్లకు పిలుపు పోలె. పెద్దోళ్లందరు పోయినంక, సాయంత్రం అవ్వ వచ్చింది. ముత్తన్న, ఇంక నలుగురైదుగురు. దర్వాజ కాడ చెప్పులు ఇడిచిండ్రు. పాలిష్ గచ్చు మీద జారుతమేమోనని గోడ పట్టుకోని నడిచిండ్రు. ముత్తన్న హాలంత తిరిగి, ఒక మూల నిలబడి, "నాయన గీడ ఉండె" అన్నడు. తర్వాత కిటికీ రెక్క తెరిచి మూసి చూసిండు. "మంచిగ కట్టిండ్రు" అన్నడు. నన్ను ఏం అనలె. అంటె బాగుండు.

అవ్వ "ఏడ?" అన్నది. చూపించిన. రెండు బల్లల నడుమ. కుర్చీ తెచ్చి వేస్తె కూసోలె, గచ్చు మీదనే కూసున్నది. అరచేయి నేల మీద పెట్టింది.

"సల్లగున్నది" అన్నది. "ఇన్నేండ్లు ఎండల ఉండె."

2 ఫిబ్రవరి

పుస్తకాలన్ని చేరినయి. రాక్‌లు సర్దుడైపోయింది. నేను అనుకున్నంత సంతోషమేం లేదు. నడుము నొప్పి అట్లనే ఉన్నది. కాకపోతె పొద్దుగాల ఎండ లోపలికి వస్తది. పిల్లలు కుర్చీలల్ల కూసోని చదువుతరు. ఒక పిల్ల ఇయ్యాల నన్ను చూసి ఊకెనె నవ్వింది.

17 ఫిబ్రవరి

ఆయన వీక్లీ ఆఫ్. పొద్దుగాల నేను డ్యూటీకి బయలెల్లుతుంటె తాను కూడ ఇస్తిరి అంగి వేసుకున్నడు. "ఏడికి?" అంటె "నీతోటి" అన్నడు.

లైబ్రరీల ఆయన అడుగు పెట్టుడు ఇదే మొదలు. ముత్యం రిజిస్టరుల సంతకం పెట్టుమన్నడు, పెట్టిండు. నేను ఏడ కూసోవాల్నో చెప్పలె. ఆయనే పోయి ఆ రెండు బల్లల నడుమ కుర్చీల కూసున్నడు. పేపరు తెచ్చుకోని, మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాక, ప్రకటనలతోటి సహా చదివిండు. చుట్టు పిల్లలు నోట్సులు రాసుకుంటున్నరు. తల ఎత్తి వాళ్లను చూసేటోడు, మళ్ల పేపరు చూసేటోడు.

నేను కౌంటరుల పని చేసుకుంటున్న. మధ్యాహ్నం అన్నానికి పిలుద్దామని చూస్తె చేతుల మీద తల పెట్టి నిద్ర పోతున్నడు. నోరు తెరిచి, పెద్ద గురక. ఇద్దరు పిల్లలు చూసి నవ్వుకుంటున్నరు.

హాలుల నిద్ర పోవద్దని బోర్డు నేనే రాయించి పెట్టిచ్చిన. ముత్యం నా దగ్గరికి వచ్చి మెల్లగ, "సారును లేపాల్నా మేడం?" అన్నడు.

"లేపకు" అన్న.